పిచ్చోణ్ణే, మజ్నూను కాను

మా కడప వైపు పిచ్చికి తూకాలున్నాయి. అందరికీ ఒకే మాట అంటించరు. ఉన్నట్టుండి అలిగి, ఉన్నట్టుండి నవ్వేవాడు తిక్కలోడు. వాడితో కాపురం చెయ్యొచ్చు, వ్యాపారమూ చెయ్యొచ్చు, కాకపోతే తిక్క రేగిన రోజున కాస్త ఎడంగా ఉండాలి. ఎవరేమి చెప్పినా నమ్మేవాడు ఎర్రిబాగులోడు. వాడంటే అందరికీ ఇష్టం, ఏ పని చెప్పినా చేసిపెడతాడు గనక. నలుగురిలో కూర్చుని కూడా ఎటో చూస్తుండేవాడు మాలోకం. వీళ్లలో ఎవరికైనా పిల్లనిస్తారు. మెంటలు అన్న మాట పడిందంటే మాత్రం ఇక ఆ గడప ఎవరూ తొక్కరు. ఇక ఇంట్లో మేము మాట్లాడుకునే తురకంలో దివానా ఉంది, పాగల్ ఉంది, ఖిసక్‌గయా ఉంది. ఖిసక్‌గయా అంటే మర జారిపోయిందని.

వెర్రి వెయ్యి విధాలని ఊరికే అనలేదు. ఇన్ని మాటల మధ్య పుట్టి పెరిగి, వాటిలో ఒక్కటి కూడా నా మీద పడకుండా ముప్పై ఏళ్లు జాగ్రత్తగా నెట్టుకొచ్చాను. చివరికి ఒమాన్‌లో పడింది. అదీ మా ఊరి మాటల్లో లేనిది.

తొంభైల మొదట్లో నేను షినాస్‌లో నీళ్ల ట్యాంకర్ తోలేవాణ్ణి. మా అర్బాబ్‌కు, అంటే నన్ను పనిలో పెట్టుకున్న ఆసామికి, సముద్రం ఒడ్డున ఖర్జూరం తోట, రెండు చేపల పడవలు, ఈ ట్యాంకర్ ఉండేవి. తీరం వెంట బావులన్నీ ఉప్పుబారిపోతున్న రోజులవి. కొండల దిక్కున్న బావి నుంచి తీపినీళ్లు పట్టుకొచ్చి ఇళ్లకూ అంగళ్లకూ ఇల్లు కట్టే సైట్లకూ పోయడం నా డ్యూటీ. రూమ్‌లో నాతోపాటు ఇద్దరు చిట్టగాంగు వాళ్లు. మంచివాళ్లే. వాళ్లకు హిందీ నాలుగు మాటలొచ్చు, నాకు బెంగాలీ ఒక్క మాటా రాదు. తిన్నావా, నీళ్లొచ్చాయా, డ్యూటీ ఉందా, సెలవెప్పుడు. ఆ నాలుగూ అయిపోయాక ముగ్గురమూ గోడల వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. షినాస్ మొత్తం వెతికినా నాకు తెలుగువాడు ఒక్కడు దొరకలేదు. తురకం మాట్లాడేవాడూ దొరకలేదు.

ఊళ్లో ఉన్నప్పుడు నాకు ఈ జబ్బు లేదు. మాట్లాడటానికి మనుషులుండేవాళ్లు. ఇక్కడ మొదట బండితో మాట్లాడాను. ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే ఓదార్చాను. అది తప్పు కాదు, డ్రైవర్లందరూ చేసే పనే. తర్వాత రోడ్డుకు అడ్డం వచ్చే మేకలతో మాట్లాడాను. "రాండమ్మా రాండి, నిదానంగా రాండి. మీ అత్తగారిల్లు యాడికీ పోదులే," అనేవాణ్ణి. మేకలు జవాబివ్వవు కదా. అందుకని వాటి జవాబు కూడా నేనే చెప్పడం మొదలుపెట్టాను. అక్కడ చెడిపోయాను.

ఆర్నెల్లు తిరిగేసరికి ఆ క్యాబిన్‌లో ఒక వీధి వీధే చేరింది. మా అమ్మ ఉండేది. బడిలో మాకు తెలుగు చెప్పిన అయ్యవారు ఉండేవారు. మైదుకూరు బస్సు కండక్టరు ఉండేవాడు. ఒక్కొక్కరిది ఒక్కో గొంతు. వాళ్లు తగవులాడుకునేవాళ్లు, నేను మధ్యలో సర్దిచెప్పేవాణ్ణి. అన్నీ తెలుగులోనే. మా అమ్మ జన్మలో నాతో తెలుగులో మాట్లాడలేదు, మా ఇంట్లో తురకమే. అయినా ట్యాంకర్‌లో ఆమె చేత తెలుగులోనే తిట్టించుకునేవాణ్ణి. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. బహుశా బయటి లోకమంతా నాకు తెలుగులో ఉండేది, నేను పోగొట్టుకున్నది ఆ బయటి లోకాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఒక ఇంటి తొట్టిలోకి నీళ్లు వదిలి, క్యాబిన్‌లో కూర్చుని కండక్టరుకూ ఒక ముసలమ్మకూ తగవు పెట్టాను. గంపలో ఉన్న కోడిపుంజుకు టికెట్ కొట్టాలా వద్దా అన్నది తగవు. ముసలమ్మ ఏడుస్తోంది. కండక్టరు విజిల్ ఊదుతున్నాడు. కోడి కూడా కొంచెం మాట్లాడింది. కిటికీ అద్దం దించి ఉన్న సంగతే మర్చిపోయాను. తల తిప్పితే అర్బాబ్ నిలబడి ఉన్నాడు, పక్కన ఆయన పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

అర్బాబ్ ముందు నన్ను చూశాడు. తర్వాత పక్క సీటు చూశాడు. తలుపు తెరిచి సీటు వెనక చూశాడు. ఎవరూ లేరని తేల్చుకున్నాక, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, "ఇంతా మజ్నూన్!" అన్నాడు.

ఇంతా అంటే నువ్వు. మజ్నూన్ అంటే అరబీలో పిచ్చివాడు. ఆయన గొంతులో విషం లేదు, ఆ రోజు మా రూమ్‌కు పెద్ద చేపొకటి పంపించాడు కూడా. కానీ నాకు బజారులో పంచె ఊడిపోయినట్టయింది. పదిరోజులు నోరు కట్టేసుకుని బండి తోలాను. పదకొండో రోజు ఒక మేక అడ్డమొచ్చింది. మళ్లీ మొదలు. ఈలోపల పేరు ఊరంతా పాకిపోయింది. "మజ్నూన్ వచ్చాడు, తొట్టి మూత తియ్యండి," అని ఆడవాళ్లు లోపలికి కేకేసేవాళ్లు. చెవులు ఎర్రబడేవి. అయినా ఆ పిలుపుకు పలకడం నేర్చుకున్నాను. దేశంగాని దేశంలో అన్నారు కదా, ఇక్కడన్నది ఇక్కడే ఉంటుంది, మా ఊళ్లో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

నా భయమల్లా ఊరి గురించే, ఎందుకంటే అప్పటికి నాకు మంగ్నీ అయ్యింది. పెళ్లి నిశ్చయాన్ని మావాళ్లు మంగ్నీ అంటారు. అంతకుముందు సెలవులో వెళ్లినప్పుడు అమ్మ చేసిన ఏర్పాటు అది. పిల్ల తండ్రి మా అమ్మకు వరసకు అన్న, నాకు మామూ. ఊరి చివర బండల ఫ్యాక్టరీలో మేస్త్రీ. రాయి కోసే మిషన్ల రొదలో బతుకంతా గడిపినవాడు కావడంతో ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఒకసారి చెబితే ఎవరికీ వినపడదన్న అలవాటు కొద్దీ ప్రతి మాటా రెండుసార్లు అంటాడు. "ఏమబ్బా, ఏమబ్బా! ఎట్లుండావు, ఎట్లుండావు? కూర్చో, కూర్చో!" అన్నాడు నన్ను చూసి. పిల్ల ఒక్కసారి వచ్చి షర్బత్ గ్లాసులు పెట్టి వెళ్లింది. ముఖం సగమే చూశాను. గొంతు వినలేదు. పెళ్లికి ముందు పిల్లా పిల్లవాడూ మాట్లాడుకునే మర్యాద మాలో లేదు.

ఆ సగం ముఖాన్నే షినాస్‌కు తెచ్చుకున్నాను. ఇష్టపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటమెందుకు, చాలా ఇష్టపడ్డాను. వచ్చే సెలవులో నిఖా అనుకున్నాం. ఇన్నాళ్లూ గోడలు చూస్తూ కూర్చున్నవాడికి ఇంట్లో మాట్లాడే మనిషి వస్తుందన్నది చిన్న ఆశ కాదు. అయితే ఆమె గొంతు తెలియదు గనక ట్యాంకర్‌లో ఆమెను మాట్లాడించలేకపోయాను. ఆమె బదులు మామూ వచ్చి కూర్చున్నాడు. ఆయన గొంతు పట్టడం చాలా తేలిక. "ఏమి అల్లుడా, ఏమి అల్లుడా! నీళ్లబండి తోల్తాండావా, తోల్తాండావా?" అని ఆయన అడిగేవాడు, నేను వినయంగా జవాబు చెప్పేవాణ్ణి.

మస్కట్ పక్కన అమెరాత్‌లో కట్టుబడి కంపెనీలో మా వీధివాడొకడు ఉండేవాడు, వాడి క్యాంపంతా తెలుగువాళ్లే. ఒకసారి కంపెనీ లారీలో షినాస్‌కు సామాను వేసుకొచ్చి, వచ్చేవారం సెలవులో ఊరికి పోతున్నాను, అమ్మకు ఏమైనా పంపుతావా అని నా దగ్గరకు వచ్చాడు. అర్బాబ్ అతిథి మర్యాద తెలిసినవాడు. ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోసి, వచ్చీరాని హిందీలో, షినాస్‌లో నన్ను ఎరగనివాళ్లు లేరని గొప్పగా చెప్పాడు. "యే మజ్నూన్ హై. షినాస్ మే సబ్ లోగ్ మాలూమ్. బడా మజ్నూన్!"

మా వీధివాడు నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేశాడు. "ఏంరా, నువ్వు? అబ్బబ్బ! మూగోని మాదిరి ఉంటివే," అని కన్ను గీటాడు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. నా పిచ్చి సంగతి మా వీధివాడికి తెలిసిపోయిందే అని నా సిగ్గు. "మా వీధిలో ఎవరికీ చెప్పొద్దు సామీ," అని బతిమాలాను. వాడు గుండె మీద చెయ్యేసుకుని చెప్పనన్నాడు.

వాడికి అరబీ రాదని నాకు తట్టలేదు. అరబీ రానివాడి చెవికి, అందులోనూ మా తురకం మాట్లాడేవాడి చెవికి, అది మజ్నూన్‌గా వినపడదు. మజ్నూ అని వినపడుతుంది. మా వైపు మజ్నూ అంటే ఆడపిల్ల కోసం ఒళ్లు మరిచి తిరిగేవాడు. బస్టాండు దగ్గర జుట్టు దువ్వుకుంటూ నిలబడే ప్రతివాణ్ణీ మజ్నూ అనే పిలుస్తారు. చివరనున్న ఒక్క పొల్లు రాలిపోయి, నేను పిచ్చివాణ్ణి కాస్తా ప్రేమికుణ్ణయ్యాను. పైగా తల వంచుకుని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను కూడా. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చెప్పనని గుండె మీద చెయ్యేసుకున్నవాడు టీ అంగట్లో ఒక్కడికే చెప్పాడట. అక్కణ్ణుంచి మాటకు కాళ్లొచ్చాయి. ఒక పెళ్లి విందులో నలుగురి నోళ్లలో నాని, బండల ఫ్యాక్టరీ చేరేసరికి నాకు షినాస్‌లో ఒక మనిషి, ఆ మనిషికి ఒక ఇల్లు, ఆ ఇంటికి రోజూ నేను ఉచితంగా పోసే తీపినీళ్లు కూడా ఏర్పడ్డాయి.

ఆ రోజుల్లో చదువురాని తల్లులు కొడుకులకు క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్లు. సెలవు నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో పచ్చళ్లతోపాటు నాలుగైదు క్యాసెట్లు ఉండేవి. అమ్మ క్యాసెట్ వచ్చిందంటే నాకు పండగ. దాన్ని ట్యాంకర్‌లో పెట్టుకుని, బావి దగ్గర నీళ్లు నిండేదాకా వినేవాణ్ణి. ఆ సారి వచ్చిన క్యాసెట్లో సలాం లేదు, బాగున్నావా లేదు. అమ్మ మాట్లాడింది తురకంలోనే, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఎవర్రా ఆమె?" అంది అమ్మ గొంతు.

కాసేపు ముక్కు చీదిన చప్పుడు. "అరబ్బుల పిల్లనా? ఆస్పత్రిలో నర్సమ్మనా? ఊరు ఊరంతా నిన్ను మజ్నూ అంటాందంటనే. మీ నాయన పోయినాక ఇంత వరకూ ఎవురి చేతా మాట పడలేదురా నేను. మీ మామూ వచ్చి కూర్చున్యాడు. వాని నోటితో వాడే నిజం చెప్పల్ల, అంతవరకూ నిఖాకు తేదీ పెట్టేది లేదన్యాడు. నువ్వు ఏం చెప్పినా ఆయన ముందరే ఇంటాను. చెప్పురా."

మొదట నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వయిపోయాక ఒళ్లు మండింది. ఆ సగం ముఖం గుర్తొచ్చి, ఆమె కూడా ఈ మాట విని ఉంటుందన్న సంగతి తట్టాక, సిగ్గుతో చచ్చిపోయాను. ఆడవాళ్ల వైపు కన్నెత్తి చూడనివాణ్ణి. ఆ పేరే నా బలం అనుకునేవాణ్ణి. ఏ పేరు పోయినా పర్వాలేదు, అది పోగూడదు అనిపించింది.

మధ్యాహ్నం డ్యూటీ లేని వేళ బండిని సముద్రం ఒడ్డున ఆపి, టేప్ రికార్డర్ ఒళ్లో పెట్టుకుని బొత్తాం నొక్కాను. మామూ కూడా వింటాడు గనక తెలుగులో మొదలుపెట్టాను. పంచాయితీ మాటలు ఆయనకు తెలుగులోనే తలకెక్కుతాయి.

"మామూ, సలాం. నేను మజ్నూను కాను. నేను పిచ్చోణ్ణి."

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెడితే వినేవాళ్లకు ఎలా ఉంటాయో ఆలోచించే ఓపిక లేదు. అరబీలో మజ్నూన్ అంటే పిచ్చోడనీ, అది వేరు మన మజ్నూ వేరనీ విడమరిచి చెప్పాను. అంతటితో ఆపి ఉండాల్సింది. కానీ ఊరికే ఒక మనిషిని పిచ్చోడని ఎందుకంటారు, దీని వెనక ఇంకేదో ఉందని మామూకు అనుమానం రావచ్చు కదా? అందుకని రుజువులు చెప్పాను. మేకల సంగతి చెప్పాను. అవేమంటాయో కూడా చెప్పాను. కోడిపుంజు టికెట్ తగవు మొదలుపెట్టి, సగంలో చెప్పడం మానేసి ఆడి చూపించడంలోకి దిగాను. ముసలమ్మ ఏడ్చింది, కండక్టరు విజిల్ ఊదాడు. ఎదురుగా మనిషి లేకపోయినా, వింటారన్న నమ్మకం ఉంది కదా, నాకు ఊపొచ్చింది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ ఊపులో మామూను కూడా పిలిచాను.

"ఏమి అల్లుడా, ఏమి అల్లుడా! ఆడమనిషి ఉందంటనే, ఉందంటనే?"

"లేదు మామూ, వట్టి పిచ్చే."

"నిజమేనా, నిజమేనా?"

"అల్లా తోడు మామూ."

"అట్లయితే పర్వాలేదు, పర్వాలేదు! తేదీ పెడతా, పెడతా!"

ఆయన ఒప్పుకోవలసిన మాట కూడా నేనే ఆయన గొంతుతో ఒప్పేసుకుని, టేపు ఆపి, హాయిగా నిట్టూర్చాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నాకు ఆ సామెత గుర్తుకు రాలేదు. క్యాసెట్‌ను గుడ్డలో చుట్టి, మస్కట్ మీదుగా ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చి, నా పరువు నిలబెట్టుకున్నాననుకున్నాను.

జవాబు తెచ్చింది మా వీధివాడే, సెలవు ముగించుకుని. మళ్లీ లారీలో షినాస్ వచ్చాడు. అమ్మ పంపిన కారప్పొడి చేతిలో పెట్టాడు, క్యాసెట్ పెట్టాడు, నా ముఖం మాత్రం చూడలేదు.

"ఏమైందిరా?" అన్నాను.

"నాకు అరబీ తెల్దు సామీ, నా చెవులే చెడ్డవి," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అయినా నువ్వు మీ మామూ మాదిరి మాట్లాడేది ఎందుకు? మీ ఇంటి కాడ వీధి వీధంతా కూడిండ్య టేపు వినేదానికి. కోడి కూసినప్పుడు పిల్లోళ్లు పొర్లి పొర్లి నగినారు. మీ మామూ మాత్రం నగలేదు."

నేను కారప్పొడి పొట్లంతో లారీ మెట్టు మీద కూలబడ్డాను. అది చూసి వాడు నన్ను తేలిక చేద్దామనుకున్నాడు. "ఊరికే అన్నారా అబ్బా, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని," అంటూ నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

బావి దగ్గర ట్యాంకర్‌కు పైపు తగిలించి, క్యాబిన్ అద్దాలెత్తి, క్యాసెట్ పెట్టాను. ముందు అమ్మ గొంతు. మామూ ఇంట్లోనే కూర్చున్నామనీ, ఆయనే మాట్లాడతాడనీ చెప్పింది. ఆమె గొంతు నీరసంగా ఉంది. తర్వాత మామూ గొంతు వచ్చింది. వింటూనే ఇంకేదో తేడాగా ఉందనిపించింది. కాసేపటికి తెలిసింది, ఆయన ప్రతి మాటా ఒక్కసారే అంటున్నాడు. నెమ్మదిగా, చూసుకుని చూసుకుని అంటున్నాడు. నేను చేసిన పని అది.

"నాయనా, నువ్వు నన్ను ఎక్కిరించినావని నాకు కోపం లేదు. నువ్వు అబద్ధం చెప్పలేదు, అది కూడా నాకు తెలుసు. ఒక మాట చెప్తా విను. ఆడమనిషి సంగతే అయ్యింటే నేను పట్టించుకోకపోదును. తేదీ పెట్టాలనే అనుకుంటిమి. మగోడు, వయసులో ఉండాడు, దేశంగాని దేశంలో ఒంటిగా ఉండాడు. నిఖా అయినాక అదే సర్దుకుంటాది. ఎంత మందిని చూడలేదు? ఇది అట్లాంటిది కాదు గదా. తలకాయ సంగతి. రేపు పిల్లోళ్లకు దిగుతాది. నా బిడ్డను తెలిసి తెలిసి ఎట్ల ఇమ్మంటావు? ఏమీ అనుకోవద్దు."

ఏమీ అనుకోవద్దు అన్నది కూడా ఒక్కసారే అన్నాడు.

నేను కాపాడుకున్నది ఎవరికీ అక్కరలేనిదని అప్పుడు తెలిసింది. మజ్నూ అని ఒప్పుకుని తల వంచుకుని ఉంటే పెళ్లయ్యేది. కష్టపడి, రుజువులతో సహా, గొంతులు మార్చి మరీ నిరపరాధినని నిరూపించుకుని చెడ్డాను. చెప్పుకుంటే సిగ్గుచేటు. ట్యాంకర్ నిండి తీపినీళ్లు పొర్లి ఇసకలోకి పోతున్నాయి, నాకు లేవాలని లేదు.

మామూ మాటలయ్యాక ఎవరో లేచి వెళ్లిన చప్పుడు, చెప్పులు తొడుక్కున్న చప్పుడు. టేపు ఆపడం మా అమ్మకు తెలియదు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఆపాలి. ఆ రోజు ఎవరూ ఆపలేదు. గ్లాసులు తీస్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు. నేను ఎన్నడూ వినని గొంతు.

"ఫూఫూ, అబ్బా పోయినాడా?" అని అడిగింది. ఫూఫూ అంటే మేనత్త, అంటే మా అమ్మ. పోయినాడమ్మా అంది అమ్మ.

ఆ తర్వాత మామూ గొంతు వచ్చింది. బయటికి పోయిన మనిషి మళ్లీ ఎట్లా వచ్చాడా అనుకున్నాను. "ఏమి అల్లుడా, ఏమి అల్లుడా! నీళ్లబండి తోల్తాండావా, తోల్తాండావా?" ఆ బరువు, ఆ గరగర, రెండోసారి అనేటప్పుడు ముక్కులోంచి వచ్చే ఆ చిన్న విసురు. ఆ విసురు నాకు ఎప్పుడూ పట్టుబడలేదు. నీళ్లబండి మాట నేను పంపిన టేపులో లేదు, అది ఆ పిల్ల సొంతంగా కట్టుకున్నది. దానికి వెంటనే జవాబు కూడా వచ్చింది, నా గొంతులో. "తోల్తాండా మామూ, వట్టి పిచ్చే!" సన్నగా, కొంచెం వణుకుతూ, అచ్చం నేనే.

మా అమ్మ దుఃఖంలో కూడా ఫక్కున నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. అంతలో ఎవరో చిన్నపిల్లవాడు "ఇది ఇంగా తిరగతాందే!" అని అరిచాడు. బొత్తాం నొక్కిన చప్పుడుతో టేపు అయిపోయింది.

ఆ పిల్ల వెక్కిరించిందో, ముచ్చటపడిందో నాకు తెలియదు. కానీ ఆ విసురు ఒక్కరోజులో పట్టుబడేది కాదు. ఎవరూ లేనప్పుడు ఏళ్ల తరబడి చేసుకుంటేనే వస్తుంది. అది మాత్రం నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

శుక్రవారం మా వీధి ఫోన్ అంగడికి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను. అమ్మ నెమ్మదిగా అంది, "నేను ఇంగోసారి పోయి మీ మామూ కాళ్లు పట్టుకుని అడిగేదా? ఆ పిల్లకు నీ మీద కోపమేమీ లేదురా. నిన్న కూడా వచ్చిపోయింది."

టేపు తిరుగుతూనే ఉండిందనీ, నేనంతా విన్నాననీ చెప్పాలనుకున్నాను. నాలాంటిదే ఇంకొకతె ఉంది, ఎట్లాగైనా అడుగమ్మా అని చెప్పాలనుకున్నాను. చెబితే అమ్మ మామూతో అంటుంది. మామూ ఇంట్లో అంటాడు. అప్పుడు పిచ్చి అన్న మాట ఆ పిల్ల మీద కూడా పడుతుంది, ఇంకో సంబంధం రాకుండా పోతుంది. ఆమె కోసమే ఊరుకున్నానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. అది సగమే నిజం. పిచ్చివాణ్ణని ఊరంతటికీ చాటింపు వేసుకున్నవాణ్ణి, మళ్లీ పిల్లనడగడానికి నాకు ముఖం చెల్లలేదు. నా వెనక ఫోన్ కోసం నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లకు మా తురకం అర్థం కాదు. అయినా గొంతు తగ్గించుకుని, "వద్దులే మా," అన్నాను.